పార్సిల్ ఆఫీసు కాటా

బెంగాలీల మధ్య ఉన్న మా రైల్వే ఊళ్లో, తెలుగు క్రైస్తవుల గుడిలో, కాళ్లతో తొక్కి వాయించే పాత ఆర్గాన్ ఒకటి ఉంది. తెల్లదొరల కాలంలో వచ్చింది. ఈసారి శ్రమల దినాలు, అంటే ఈస్టర్ ముందటి ఉపవాస కాలం, మొదలయ్యేసరికి దాని గొంతు పూడుకుపోయింది. ఎంత తొక్కినా ఉబ్బసం మనిషి ఈల తప్ప స్వరం రాలేదు. ఈస్టర్ లోపల బాగు చేయించాలని గోల్‌బజార్ నుంచి ఒక ముసలి బెంగాలీ మేస్త్రిని పిలిపించాను. ఆయన వెనక చెక్క విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, తేలు కుట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. "ఎటా కీ, దీదీ?" ఇదేమిటని వేళ్లు నా ముందు చాపాడు. ఆ వేళ్లకు నీలం రంగు జిగురు అంటుకుని ఉంది. వంగి చూశాను. గాలి తిత్తుల మడతల్లో, ఎలుక పెంటికల మధ్య, బొద్దింక రెక్కల మధ్య, నీలం మాత్రలు. కొన్ని సగం చప్పరించి ఉమ్మినవి, కొన్ని పంటి గాట్లు పడ్డవి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కట్టినవి. చీమలు పట్టాయి. తుప్పు వాసన, ఎంగిలి వాసన, చెమ్మ వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. దేవుని స్తుతించే వాద్యం కడుపులో ఇంత కుళ్లు.

ఆ మాత్రలేవో నాకు బాగా తెలుసు. ఎదిగే పిల్లలకు రక్తం పట్టడానికి వారానికొకటి చొప్పున సర్కారు ఇచ్చే ఇనుము మాత్రలు. మా ట్రాఫిక్ కాలనీ ఆడపిల్లల కోసం ప్రతి శనివారం ఉదయం గుడి హాలులోనే పంచుతారు. మందులు తెచ్చేది శిఖా దీదీ అనే ఆరోగ్య కార్యకర్త. పిల్లల్ని పోగుచేసి, మింగించి, రిజిస్టరులో టిక్కులు పెట్టే బాధ్యత మా స్త్రీల సమాజానిది. సమాజానికి అధ్యక్షురాలు మా ప్రభావతి వదిన. కార్యదర్శిని నేను. నెలాఖరున ఆ రిజిస్టరు కింద సంతకం నాది. ఒక్క గడి కూడా ఖాళీ లేని పేజీని చూసి ఎంత మురిసిపోయి సంతకం పెట్టేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నా చెయ్యి నాకే అసహ్యం.

మేస్త్రి రావడానికి వారం ముందే బ్లెస్సీ ఆరాధనలో పడిపోయింది. పదమూడేళ్ల పిల్ల, పాటల గుంపులో ముందు వరసలో నిలబడేది. తండ్రికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఫ్యాక్టరీ పని, తల్లి సుభాష్‌పల్లిలో ఇళ్లల్లో వంట చేస్తుంది, ఇద్దరూ పొద్దున్నే వెళ్లిపోతారు. మూడో చరణం మధ్యలో పిల్ల అలా పక్కకు ఒరిగి, బల్ల అంచు పట్టుకోబోయి జారింది. నీళ్లు చల్లారు, ప్రార్థన చేశారు. "శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటంది పిల్ల, భక్తి గలది" అన్నారు పెద్దలు. ఆ ఉపవాసానికి ఆదివారం బడిలో అందరి ముందూ ఆ పిల్లను నిలబెట్టి మెచ్చుకున్న టీచరును నేనే. నలభై ఏళ్లుగా పిల్లలకు వాక్యం చెబుతున్నాను. పాలిపోయిన ముఖాన్ని చూసి పరిశుద్ధత అనుకున్నాను.

మేస్త్రి వెళ్లాక ఆ మాత్రలను పాత కేకు డబ్బాలోకి గీకి వదిన ఇంటికి తీసుకెళ్లాను. ఆమె వరండాలో కూర్చుని కరపత్రాలు సరిచూస్తోంది. వచ్చే శనివారం పై అధికారులు వచ్చి మా సమాజానికి షీల్డు ఇస్తారు. అందరికంటే బాగా పని చేసిన కేంద్రం మాదట.

"వదినా, ఇయ్యేటి?"

"మాత్రలు. కనబడతన్నాయి కదా."

"ఆర్గానులో దొరికినాయి. మింగినట్టు టిక్కులెట్టినావు."

"నోట్లో ఏసుకుంటే సూసి ఎట్టినాను. గొంతులో దిగిందో నేదో టార్చి ఏసి సూడమంటావేటి?" కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. "పరగడుపున ఏసుకుంటే డోకొస్తాదని ఆల్లే దాని సందుల్లో ఉమ్మీసినారు. నన్నేటి సెయ్యమంటావు? ఖాళీ గడి కనబడితే శిఖాకి పైనుంచి సీవాట్లు. పాపం, ఏడుస్తది ఆ పిల్ల."

"పరగడుపునెందుకు? తిన్నాకే ఎయ్యాలని దాని మీదే రాసుంది కదా."

"ఆల్లింట్లో తిని రావాల గానీ, మనం ఒండి ఎడతామా? ఇది గుడి. హోటలు కాదు, రత్నా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె పక్కనే బల్ల మీద అధికారుల కోసం ఆర్డరిచ్చిన సందేశ్ మిఠాయిలు, సింగారాలనే సమోసాల డబ్బాల చీటీ ఉంది. పోయినసారి వచ్చినప్పుడు కూడా అంతే. ముందు వరస కుర్చీల్లో పెద్దవాళ్లు సందేశ్ కొరుకుతుంటే, పొద్దున్న టీ తప్ప ఏమీ ఎరగని పిల్లలు బ్యానరు పట్టుకుని ఫొటో కోసం నిలబడ్డారు. ఆ ఫొటో మా హాలు గోడకు వేలాడుతోంది. అందులో నేనూ ఉన్నాను. నా చేతిలో సింగారా ఉంది.

"ఈ సంగతి ఇప్పుడు బయటెట్టకు" అంది వదిన, గొంతు తగ్గించి. "సంఘం పేరు పోద్ది."

సంఘం పేరు. ఈ మాట నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నాను. డబ్బా పట్టుకుని ఇంటికి నడుస్తుంటే నా చేతిలో డబ్బా ఉన్నట్టు లేదు. చల్లటి ఇనుము ముక్కలు రెండు ఉన్నట్టుంది.

నా చిన్నప్పుడు మేముండేది రెండు గదుల రైల్వే క్వార్టరులో. ఎర్రటి గచ్చు, బొగ్గుల కుంపటి పొగ పట్టిన గోడలు, వర్క్‌షాపు సైరను మోగగానే సైకిళ్ల వరద. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగుపెట్టేముందే గ్రీజు వాసన అడుగుపెట్టేది. అమ్మ ఆ బట్టల్ని సోడా వేసి ఉడకబెట్టేది. ఆ నురుగు వాసనా, ఎండుచేప వేపుడు వాసనా కలిస్తే అది శనివారం. నాన్న సంఘ పెద్ద కూడా. ఆదివారం తెల్ల పంచె కట్టి కానుక పళ్లెం పట్టుకుని నడిస్తే ఆయన చెప్పుల చప్పుడు కూడా భక్తిగా ఉండేది. ఇంట్లో అన్నం మొదట నాన్నకు, తరవాత మా ఇద్దరు అన్నలకు. అడుగున మిగిలింది, గంజీ, మాకు. మేమంటే నేనూ, నాకంటే రెండేళ్లు చిన్నదైన మా చెల్లెలు లిల్లీ. "ఆడపిల్లకి ఎక్కువెడితే బేగి ఎదిగిపోద్ది" అనేది అమ్మ. చెడ్డ మనిషి కాదు. ఆమెకు వాళ్లమ్మ చెప్పిన మాట అది. అయినా ఈ వయసులో, ఎందరో పిల్లల పెళ్లిళ్లకీ సమాధులకీ వెళ్లి వచ్చాక, ఆ మాట గుర్తొస్తే నాలుక మీద చేదు తేలుతుంది.

మా సంఘంలో దానమ్మ గారని ఒక బైబిలమ్మ ఉండేది. భీమిలి వైపు నుంచి వచ్చిన విధవరాలు. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పడం ఆమె ఉద్యోగం. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన సంచి. ఆ సంచిలో పరిశుద్ధ గ్రంథం, సబ్బు ముక్క, పేల దువ్వెన, ఆముదం సీసా. శనివారం మధ్యాహ్నం కాలనీ పిల్లలందరినీ గుడి వరండాలో వరసగా నిలబెట్టేది. గోళ్లు చూసేది, నాలుక చాపమనేది, చివరికి నశ్యం వాసన కొట్టే బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసేది. ఆ వేలంటే మాకు రోత. మూడు నెలలకోసారి ఆముదం పట్టించే శనివారమైతే సగం మంది పిల్లలు యార్డులో ఖాళీ వ్యాగన్ల వెనక దాక్కునేవాళ్లు. ఆమె గొడుగు ఊపుకుంటూ వచ్చి ఒక్కొక్కణ్ణీ చెవి పట్టి లాక్కుపోయేది. "కడుపులో పురుగులెట్టుకుని హల్లెలూయా పాడితే పురుగులే పాడతాయిరా, నువ్వు కాదు" అనేది. పెద్దలకు ఆ మాటలు నచ్చేవి కావు. మా నాన్నకు అసలే నచ్చేవి కావు.

నెలకోసారి మమ్మల్ని స్టేషన్‌కి తీసుకెళ్లేది. అప్పట్లో పిల్లల్ని తూచడానికి మాకు వేరే ఏర్పాటు లేదు. మధ్యాహ్నం బండి వెళ్లిపోయాక పార్సిల్ ఆఫీసు ఖాళీగా ఉండేది. అక్కడి కాటా మీద చేపల బుట్టలూ తమలపాకుల గంపలూ ఎక్కే చోట మేం ఎక్కేవాళ్లం. గడియారంలాంటి పెద్ద గుండ్రటి ముఖం, దాని మీద నల్ల ముల్లు. పార్సిల్ బాబు లావుపాటి బెంగాలీ, నోటినిండా పాన్. "ఏ పార్సిల్ కహాఁ జాయేగా? హౌరా?" అని, ఈ పార్సిల్ ఎక్కడికి పోవాలని, ప్రతి పిల్లనూ అడిగేవాడు. మేం, సముద్రం ఉన్న ఊరని, "పూరీ!" అని అరిచేవాళ్లం. చేపల నీచు మా పాదాలకు అంటుకునేది. దానమ్మ గారు అంకె రాసుకునేది. బరువు చాలని పిల్లలకు మిషను వాళ్లు పంపిన పాలపొడి నెలంతా పోసేవారు. అది మంచి ఏర్పాటు. చెడగొట్టింది మేమే. ఎవరో పెద్దకు ఆలోచన వచ్చి, ఆ పిల్లల పేర్లు ఆదివారం ఆరాధనలో చదివి ప్రార్థన చేయించడం మొదలుపెట్టారు. బలహీనులైన పిల్లల కోసం ప్రార్థన. పేరు చదవగానే వెనక బల్లల నుంచి తలలు తిరిగేవి, తల్లి ముఖం చీర కొంగులోకి పోయేది. ప్రార్థన పేరుతో ఒక ఇంటి ఆకలిని బజారున పెట్టేవాళ్లం.

ఒక నెల మా ఇంటికొచ్చి, లిల్లీని కళ్లతోనే తూచినట్టు చూసి దానమ్మ గారు అమ్మతో అంది, "సిన్నదాని పేరు రాసుకోవాల్సొస్తాదేమో." ఆమె వెళ్లగానే అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. లిల్లీ లంగా లోపల ఒక జేబు కుట్టింది. తలుపు గాలికి కొట్టుకోకుండా నాన్న తెచ్చి పెట్టిన పట్టాల బోల్టులు రెండు ఉండేవి, ఒక్కొక్కటి నా అరచేయంత. వాటిని అమ్మ తీసి నా చేతిలో పెట్టింది.

"దీన్ని కాటా ఎక్కించే ముందు ఎట్టీ."

"అబద్ధం కాదేటమ్మా?"

"మీ నాన్న పళ్లెమట్టుకుని నడుస్తంటే ఎనకాల ఈ పేరు సదవాలేటి? ఆరికి తలొంపులు కాదా? ఎట్టీ అన్నానా!"

అమ్మ తన చేత్తో ఎప్పుడూ పెట్టలేదు. ప్రతి నెలా నేనే పెట్టాను. పార్సిల్ ఆఫీసు వెనక గోడ చాటున లిల్లీ లంగా ఎత్తి పట్టుకుంటే నేను లోపలికి జార్చేదాన్ని. "అక్కా, సల్లగున్నాయే!" అని కిలకిలా నవ్వేది. దానికదో ఆట. ముల్లు మా అమ్మకు కావలసినంత దూరం వెళ్లేది. పార్సిల్ బాబు ఆశ్చర్యపోయేవాడు. "దేఖ్‌నే మే చిడియా, వజన్ మే బక్రీ! క్యా ఖాతీ హై రే?" చూస్తే పిట్ట, తూస్తే మేక, ఏం తింటావే అంటే, లిల్లీ తల ఎగరేసి, "ఇనుం తింటన్నాను బాబూ" అనేది. నేను దాని చెయ్యి గిల్లేదాన్ని. బాబుకు తెలుగు అర్థమయ్యేది కాదు. దానమ్మ గారికి అర్థమైంది. ఆ రోజు అంకె రాసుకుని, లిల్లీ కంటి రెప్ప రెండుసార్లు లాగి చూసింది.

అయిదో నెలో ఆరో నెలో, జేబు కుట్లు తెగాయి. లిల్లీ కాటా దిగుతుంటే బోల్టు ఒకటి ఇనప పలక మీద పడి ఠంగుమంది. ఆ చప్పుడు ఆ రేకుల షెడ్డు అంతా తిరిగింది. పిల్లలు నవ్వారు. పార్సిల్ బాబు నమలడం ఆపేశాడు. ముల్లు సున్నాకు రాకుండా, కాటా మీద పడున్న ఆ ఒక్క బోల్టు బరువు చూపిస్తూ ఆగింది. దానమ్మ గారు వంగి దాన్ని తీసుకుంది. లిల్లీ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది. నాన్న కుర్చీలో ఉన్నాడు, అమ్మ తలుపు దగ్గర నిలబడింది. బోల్టును గచ్చు మీద పెట్టి ఆమె, "అయ్యగారూ, ఈ పిల్లకి ఒంట్లో రగతం నేదు. రెప్ప కింద సున్నం కొట్టినట్టుంది. పాలు ఒట్టుకెల్లండి. పేరు నేను సదవనివ్వను, నాది పూచీ" అంది.

"మా పిల్లకేటి?" అంది అమ్మ. "పెద్దమనిషి అయ్యే ఈడు. పాలిపోదా?"

"పాలిపోడం కాదమ్మా. ఎండిపోతంది."

నాన్న చాలా మర్యాదగా, "మా ఇంటి సంగతి మేం ప్రార్థనలో ఎట్టుకుంటామమ్మా" అన్నాడు. ఆమె లేచి గొడుగు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వాక్యంలో చనిపోయిన పన్నెండేళ్ల పిల్లను ప్రభువు చెయ్యి పట్టి లేపిన సంగతి ఎత్తింది. లేపాక ఏం చెప్పాడో గుర్తుందా అంది. పాట పాడమనలేదు, సాక్ష్యం చెప్పమనలేదు, తినడానికి ఏమైనా పెట్టమన్నాడు అంది. వెళ్లిపోయింది. ఆ తరవాత నుంచి మమ్మల్ని శనివారం వరసకు పంపలేదు.

వానలు పడగానే లిల్లీకి టైఫాయిడ్ వచ్చింది. కాలనీలో ఇంకా చాలామందికి వచ్చింది. వాళ్లు లేచారు. ఆస్పత్రిలో డాక్టరు నాన్నతో అన్న మాట నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి విన్నాను. జ్వరంతో పోరాడటానికి ఈ ఒంట్లో ఏమీ లేదన్నాడు. సమాధి తోటకు నలుగురు మోయాల్సిన లిల్లీ పెట్టెను నాన్న ఒక్కడే రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎత్తగానే ఆయన ముఖం మారింది. ఎంత తేలికో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ ఆదివారం ఆరాధనలో లిల్లీ పేరు చదివారు. మొదటిసారి.

ఇప్పటి కార్యక్రమాలను నేను తిట్టడం లేదు. ఆ నీలం మాత్రల అట్ట ఒక్కటి ఆ రోజుల్లో దానమ్మ గారి సంచిలో ఉండి ఉంటే ఆమె మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పేది. పురుగుల మందు ఇప్పుడు తియ్యటి బిళ్ల, పిల్లలు చప్పరిస్తారు. బడిలో తూచుతారు, ఎత్తు కొలుస్తారు, ఎదిగే ఆడపిల్లతో సిగ్గుపడకుండా మాట్లాడే మనుషులున్నారు. ఇవన్నీ దేవుడిచ్చినవే అని నా నమ్మకం. నాకు రోత పుట్టించేది మనం. ఆనాడు సిగ్గు దాచుకోవడానికి కాటా మీద ఇనుము పెట్టాం. ఈనాడు షీల్డు కోసం కాగితం మీద ఇనుము పెడుతున్నాం. పిల్ల ఒంట్లోకి అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. పైగా రెండుసార్లూ ప్రార్థన చేశాం. బలిపీఠం మీద కుంటి మేకను పెట్టి కళ్లు మూసుకునేవాళ్లకూ మనకూ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

శనివారం రాకముందే శిఖా దీదీకి ఫోన్ చేసి రమ్మన్నాను. డబ్బా మూత తీసి చూపించి, రిజిస్టరులో నా సంతకాలన్నీ ఆమె ముందే కొట్టేసి, పక్కన కారణం రాశాను. అరుస్తుందనుకున్నాను. ఆమె బల్ల మీద కూలబడింది. "దీదీ, గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీ అని అడుగుతారు. పిల్ల తిన్నదా అని ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు" అంది, బెంగాలీలో. షీల్డు వేరే కేంద్రానికి పోయింది. వదిన నాతో మాట మానేసింది. స్త్రీల సమాజంలో కొందరు నన్ను చూసి పక్క బల్లకు జరుగుతున్నారు. జరగనివ్వండి. ఇప్పుడు శనివారాలు హాలు వెనక పొయ్యి మీద పప్పూ అన్నం ఉడుకుతాయి. తిన్నాకే మాత్ర. వండేది ముగ్గురమే. నాలుగో మనిషి కోసం చూస్తున్నాం.

బ్లెస్సీని నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. పరీక్ష చేసి రక్తం బాగా తక్కువుందన్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే సీసాలతో ఎక్కించాల్సి వచ్చేదన్నారు. రోజూ మాత్ర, రోజూ తిండి, నెలనెలా చూపించుకోవడం. పిల్ల కోలుకుంటుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఉపవాసం మానమని మాత్రం ఆ పిల్లకు నేనే చెప్పాను. నిన్ను మెచ్చుకున్నది నా తప్పు అని కూడా చెప్పాను. "పోన్లే అమ్మమ్మా, నువ్వు సప్పట్లు కొట్టించినావని మూడు శుక్రవారాలు ఎక్కువున్నాను" అంది నవ్వుతూ. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

డాక్టరమ్మను చూడకముందు నర్సు బరువు చూస్తానంది. ఇప్పటి కాటా పలకంత పలచన, ముల్లు లేదు, ఎర్ర అంకెలు. బ్లెస్సీ ఎక్కబోయింది. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆ పిల్ల గౌను జేబు తడిమింది.

"ఏటి ఎతుకుతన్నావు అమ్మమ్మా?"

"ఏటీ నేదు. ఫోనిలాగియ్యి. సెప్పులిప్పు."

"థాక్ నా, మాషీమా" అంది నర్సు, ఉండనివ్వండి అని. "ఫోనుకెంత తేడా పడుతుంది?"

పడుతుందన్నాను. ఫోను తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. చల్లగా ఉంది. బ్లెస్సీ వట్టి కాళ్లతో ఎక్కి నిలబడింది. అంకెలు వణికి, ఆగాయి. నర్సు వాటిని చూసి, పిల్లను చూసి, కలం పట్టుకుని నా వైపు తిరిగింది.

"రాయండి" అన్నాను. "ఎంత ఉందో అంతే రాయండి."